ఫర్ష్ కింద చెమ్మ

ముందు కనిపెట్టింది అమ్మీయే. "బేటా, హాల్లో ఏదో చచ్చింది" అంది. 2023 డిసెంబరు, మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటి వెళ్లిపోయిన వారం. సోఫా జరిపాం, బీరువా వెనక టార్చి వేసి చూశాం. ఎలుక లేదు. ఊదు వేశాం, అగర్‌బత్తీ వెలిగించాం, వాసన పోలేదు. నాలుగో రోజు ఫజ్ర్‌కి లేచి వస్తుంటే గుమ్మం దగ్గర నా కాలి కింద పలక ఒకటి 'చప్' మంది. అంచులోంచి నల్లటి నీళ్లు పైకి ఉబికాయి.

తమ్ముడూ నేనూ కలిసి గోడ వైపు నుంచి నాలుగు వరసలు విప్పాం. కింద ఫోమ్ షీటు నీళ్లు తాగిన స్పాంజిలా ఉంది. దాని కింద మా అబ్బా వేయించిన ఎర్ర గచ్చు. ఆ ఎరుపు కనపడలేదు. నల్లటి బూజు, చచ్చిన చీమలు, తెల్లటి ఉప్పు పొర. పైన పలకలు మాత్రం కొత్త పెళ్లికూతురిలా ఉన్నాయి. టేకు చెక్క నారలు, ముడులు, అన్నీ చెక్కుచెదరలేదు.

ఆ ఫర్ష్ వేసి అప్పటికి ఏడు నెలలు. తమ్ముడి కూతురి మంగ్నీ షవ్వాల్‌లో కుదిరింది. ఆ ఏడాది షవ్వాల్ ఏప్రిల్ చివర్లో మొదలైంది. అబ్బాయి వాళ్లు విజయవాడ వాళ్లు, ఇల్లు చూస్తారు, ఈ పగిలిన గచ్చు మీద ఏం కూర్చోబెడతాం అని తమ్ముడి బాధ. టైల్స్ వేయాలంటే తవ్వాలి, దుమ్ము, పదిహేను రోజులు. వినైల్ పలకలైతే పాత నేల మీదే పరిచేయొచ్చు. సిమెంటు లేదు, జిగురు లేదు, ఒక పలక గాడిలో ఇంకో పలక నాలుక క్లిక్‌మని కూర్చుంటుంది. రెండు రోజుల్లో పని ఖతమ్. షాపతను సాంపిల్ ముక్కని గ్లాసు నీళ్లలో ముంచి చూపించాడు. "వంద శాతం వాటర్‌ప్రూఫ్ భాయ్" అన్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. నేనూ తల ఊపాను. రాత్రంతా డెస్క్ మీద కూర్చుని పక్కవాళ్లు రాసిన వాక్యాల్లో తప్పులు దిద్దే మనిషిని, ఆ ఒక్క మాట దేని గురించి అని అడగలేదు.

అతను అబద్ధం చెప్పలేదు. పలక వాటర్‌ప్రూఫే. సున్నపురాయి పొడిని పీవీసీతో కలిపి గట్టిగా నొక్కిన అట్ట అది. దాని మీద చెక్క బొమ్మ అచ్చేసిన పలచటి పొర, దాని మీద గీతలు పడకుండా మిల్లీమీటరులో మూడో వంతో సగమో ఉండే పారదర్శకమైన పొర. దాన్ని బావిలో వేసినా ఉబ్బదు. కానీ పలక నీళ్లకి పాడవదు అంటే ఇల్లు పొడిగా ఉంటుందని కాదు కదా. పై నుంచి పడే నీళ్ల గురించి అతను చెప్పాడు. మా గుడివాడలో నీళ్లు కింద నుంచి వస్తాయి.

ఇది మన ప్రాంతంలో పుట్టినవాళ్లకి కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు, అయినా మర్చిపోతాం. నల్లరేగడి నేల, చుట్టూ కాలవలు, మురుగు పోయేదంతా కొల్లేరు వైపు, పోవడానికి వాలు లేదు. భూమిలో నీళ్లు చేతికందేంత పైన ఉంటాయి. ఇటుక, సిమెంటు, గచ్చు, వీటిలో కంటికి కనపడని సన్నటి దారులుంటాయి. దీపం వత్తి నూనె పీల్చినట్టు అవి చెమ్మని పైకి పీలుస్తాయి. పాత ఇళ్లలో గోడ మోకాలెత్తు వరకు పెచ్చులూడిపోయి ఉప్పు పూయడం చూడని కుటుంబం మనలో ఉందా? దానికి తోడు వీధి రోడ్డు. వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర. మా అబ్బా ఇల్లు కట్టినప్పుడు మూడు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగుతాం. వానాకాలం వీధి నీళ్లన్నీ మా పునాదికి ఆనుకునే నిలబడతాయి.

మరి నలభై ఏళ్లుగా ఆ గచ్చు ఎలా బతికింది? చెమ్మ వచ్చేది, ఫ్యాను గాలికి ఆరిపోయేది. వానాకాలంలో నేల చెమర్చేది, అమ్మీ గోనె సంచితో తుడిచేది, అంతే. గచ్చు ఊపిరి పీల్చేది. మేం దాని ముక్కు మీద ఫోమూ ప్లాస్టిక్కూ పెట్టి నొక్కాం. పైగా వేసింది మే నెలలో. వేసవిలో కాలవలు కట్టేస్తారు, భూమిలో నీటిమట్టం దిగిపోతుంది, గచ్చు ఎండి బొరుగులా ఉంటుంది. అప్పుడు చేయి పెట్టి చూసి 'పొడిగానే ఉంది' అనుకున్నాం. డెల్టాలో నేల తడిని మే నెలలో పరీక్ష చేయడం, రోజాదారుని మగ్రిబ్ తర్వాత ఆకలేస్తోందా అని అడగడం లాంటిది.

ఇప్పుడు అసలు నా ఫిర్యాదు. షాపతని మీద కాదు, రోడ్డు మీద కూడా కాదు, మన మీద.

మంగ్నీకి మెహమాన్లు వచ్చి మా హాల్లో ఉన్నది రెండున్నర గంటలు. షామియానా వాళ్ల దగ్గర తెచ్చిన కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లలో ఒక్కరు కూడా నేల మీద కూర్చోలేదు. ఖద్దూ కా ఖీర్ బాగుందన్నారు, పిల్ల బాగుందన్నారు. ఫర్ష్ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, తమ్ముడు పాపం ఎవరైనా అంటారేమో అని ఇంతెజార్ చేశాడు. మరి ఆ నేల మీద రోజూ కూర్చునేది ఎవరు? అమ్మీ. అయిదు పూటలా నమాజు అక్కడే, తస్బీ అక్కడే, బియ్యం ఏరేది అక్కడే, మధ్యాహ్నం కాసేపు తలకింద చెయ్యి పెట్టుకుని నడుం వాల్చేది అక్కడే. బూజు వాసన ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది. సజ్దాలో అదీ లేదు. ఆ చలికాలం అమ్మీని దగ్గు వదల్లేదు. దానికి ఇదే కారణమని ఏ డాక్టరూ రాసివ్వలేదు, నేనూ అనను. కానీ బూజు గాలి పెద్దవాళ్ల ఊపిరితిత్తులకీ ఆస్తమా ఉన్న పిల్లలకీ మంచిది కాదని ఏ డాక్టరైనా చెప్తాడు. రెండున్నర గంటల మెహమాన్ల కోసం లక్షణమైన ఫర్ష్ వేయించి, డెబ్బై ఏళ్ల మనిషిని దాని కింద బూజు మీద కూర్చోబెట్టాం.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే రాసేవాణ్ణి కాదు. మన వీధుల్లో ఇళ్లకి మరమ్మతు ఎప్పుడు జరుగుతుందో గుర్తు చేసుకోండి. మంగ్నీకి ముందు, నికాహ్‌కి ముందు, గల్ఫ్ నుంచి అబ్బాయి వచ్చే ముందు. ఇంట్లో వాళ్లకి మోకాళ్లు నొప్పులని ఎప్పుడైనా నేల మార్చామా? సున్నం వేసి చెమ్మ మచ్చ కప్పేస్తాం, పరదా వేసి పెచ్చులూడిన గోడ కప్పేస్తాం, ఇప్పుడు పలకలు వచ్చాయి, నేలని కూడా కప్పేస్తున్నాం. షాపులో వాయిదాల్లో కట్టండి అంటారు. వడ్డీ సున్నా అన్నా ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ఏదో ఒకటి ఉంటుంది. సూద్ గురించి జుమా బయాన్‌లో విని ఇంటికొచ్చి ఫర్ష్ కోసం సంతకం పెట్టేవాళ్లని నేను చూశాను. మా తమ్ముడు నగదే ఇచ్చాడు, అల్‌హందులిల్లాహ్, అదొక్కటే ఆ పనిలో సరిగ్గా జరిగింది.

అలాగని వినైల్ పలకలు వద్దే వద్దు అనడం నా మాట కాదు. ఇక్కడే నేను కూడా మారాల్సి వచ్చింది.

2024 రంజాన్‌లో, పన్నెండో రోజా అనుకుంటా, వుజూ చేసి తడి కాళ్లతో తన గదిలోకి వస్తూ అమ్మీ జారి పడింది. ఆ గదికి పదేళ్ల కిందట మెరిసే విట్రిఫైడ్ టైల్స్ వేయించాం. అద్దంలా ఉంటాయి, నీటి చుక్క పడితే సబ్బు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది. ఎడమ చేత్తో అన్నం తినలేనని ఏడ్చింది. మాకు ముద్దలు పెట్టిన చెయ్యి కదా, ఆ ఆరు వారాలు మేమే ఒకరి తర్వాత ఒకరం ముద్దలు పెట్టాం.

తర్వాత అమ్మీయే అడిగింది. "హాల్లో పీకి పడేసిన ఆ పలకలు కాలికి మెత్తగా ఉండేవి బేటా, జారేవి కావు. నా గదిలో వేయరాదా?" నిజమే. గరుకు పైపొర ఉన్న పలక తడి కాలిని మెరుపు టైలు కంటే బాగా పట్టుకుంటుంది. కింద ఫోమ్ ఉంటుంది కాబట్టి పుష్యమాసపు చలిలో కూడా రాయిలా చల్లబడదు, మోకాలు ఆనిస్తే అంత గుచ్చదు. టైలు పగలగొట్టక్కర్లేదు, ముసలి మనిషిని పదిహేను రోజులు ఇంకో ఇంటికి పంపక్కర్లేదు. జరూరత్ అంటే ఇది. హాలుది షౌక్.

ఈసారి తొందరపడలేదు. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది, మా మామూ ఇంట్లో రోజుల తరబడి నడుంలోతు నీళ్లు. ఇటు నందివాడ మండలంలో ఊళ్లు కూడా మునిగాయి. మామూ ఇంట్లో ముందు గదికి ఇవే పలకలు. నీళ్లు తీశాక మేమంతా వెళ్లి సాయం చేశాం. ప్లైవుడ్ అల్మారీలు ఉబ్బి పేలిపోయాయి, పరుపులు పారేశాం. పలకల్ని మాత్రం ఒక్కొక్కటీ విప్పి, బురద కడిగి, డాబా మీద ఆరబెట్టారు. చాలా వరకు మళ్లీ పనికొచ్చాయి. ఫోమ్ మాత్రం చెత్తలోకి పోయింది. నేలకి అంటించనిది కాబట్టి విప్పగలిగారు. 'ఫ్లోటింగ్' అంటే అర్థం అదే. మన కృష్ణా జిల్లా వాళ్లకి తేలడం అనే మాట వింటే గుండె ఝల్లుమంటుంది, 1977 నవంబరు 19న దివిసీమలో ఏమేం తేలాయో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఇక్కడ తేలడం అంటే నేలకీ గోడకీ దేనికీ కట్టుబడకుండా ఉండటం.

ఉర్దూ మీడియం బడిలో ఫర్ష్ అంటే నేల అని నేర్చుకున్నాను. అరబీలో ఆ మాటకి మొదటి అర్థం పరవడం, పరిచేది. కుతుబ్‌షాహీల కాలంలో మన బందరు రేవు నుంచి ఇరాన్‌కి ఓడల్లో వెళ్లిన కలంకారీ బట్టల్లో నేల మీద పరిచే పెద్ద ఫర్ష్‌లు కూడా ఉండేవి. గుడివాడ నుంచి బందరు రైల్లో వెళ్తే పెడనలో ఇవాళ్టికీ ఆ అద్దకం పని కనపడుతుంది. కానీ బట్ట ఫర్ష్ అయినా, తుంగ చాప అయినా సాయంత్రానికి దులిపి చుట్టి మూల పెడతాం, నేలకి గాలి తగులుతుంది. పలకల ఫర్ష్‌ని పరిచాక ఎత్తం. అందుకే పరిచే ముందు కింద ఏముందో చూసుకోవాలి.

చూడటానికి పైసా ఖర్చు లేదు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు పాలిథిన్ ముక్క తీసుకోండి. నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించండి. కనీసం 16 గంటలు, వీలైతే రెండు రాత్రులు వదిలేయండి. విప్పినప్పుడు ప్లాస్టిక్ లోపలి వైపు చుక్కలు కట్టినా, నేల రంగు ముదిరినా కింద నుంచి చెమ్మ వస్తున్నట్టే. గది మధ్యలో ఒకటి, బయటి గోడ పక్కన ఒకటి పెట్టండి. వానాకాలంలో గానీ కాలవల్లో నీళ్లున్నప్పుడు గానీ చేయండి.

అమ్మీ గదిలో టైల్స్ ఉన్నాయి కాబట్టి టైలు మధ్యలో కాకుండా సందులు వచ్చేలా అంటించాం. 2024 అక్టోబరు. మధ్యలోది పొడి. పెరటి గోడ పక్కది తడి ముద్ద. తాపీ మేస్త్రీని పిలిచాం. ముసలాయన, అబ్బా ఉన్నప్పటి నుంచి మా ఇంటి పని ఆయనదే. గోడ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "సాయిబుగారూ, నేలకి జబ్బు లేదండీ, మీ కుళాయికుంది" అన్నాడు. పెరట్లో మేం వుజూ చేసే కుళాయి సరిగ్గా ఆ గోడకి ఆనుకునే ఉంది. కింద మురుగు గొట్టం అతుకు ఎప్పుడో విరిగింది. ఇంటిల్లిపాదీ అయిదు పూటలా పోసిన నీళ్లు తిన్నగా అమ్మీ గది పునాదిలోకి. వుజూలో నీళ్లు వృథా చేయొద్దని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. వృథా అయిన నీళ్లు ఎటు పోతున్నాయో మాత్రం ఎన్నడూ చూడలేదు.

గొట్టం మార్చాం. చప్టా వాలు బయటి వైపుకి తిప్పాం. గోడ ఆరడానికి రెండు నెలలు ఆగాం, తమ్ముడు రోజూ అడిగేవాడు "ఇంకెంత భాయిజాన్?" అని. డిసెంబరు చివర్లో మళ్లీ పాలిథిన్ పెట్టాం. పొడి. 2025 సంక్రాంతి సెలవుల్లో మేమే పరిచాం, మేస్త్రీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని తిట్టాడు.

పని గురించి ఎక్కువ చెప్పను, ఇంటర్నెట్‌లో బోలెడు వీడియోలున్నాయి. హాల్లో మేం చేసిన తప్పులు మాత్రం చెప్తాను. పలకల్ని షాపు నుంచి తెచ్చిన రోజే పరిచాం, రెండు రోజులు గదిలో పడుకోబెట్టి గది వేడికి అలవాటు కానివ్వాలి. నేల ఎగుడుదిగుడు చూడలేదు. రెండు మీటర్ల బద్ద పెట్టి రసమట్టంతో చూస్తే 3 మిల్లీమీటర్ల కంటే తేడా ఉండకూడదు. పల్లం ఉన్నచోట పలక గాల్లో ఉంటుంది, మనిషి నడిచిన ప్రతిసారీ గాడి అరిగి చివరికి విరుగుతుంది. గోడకి ఆనించి బిగించేశాం. ఎండకి సాగే సరుకు అది, చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి స్కర్టింగ్‌తో మూయాలి. లేకపోతే మే నెలలో మధ్యలో గుడారంలా లేస్తుంది. ఇక ఇనుప బీరువా, అందులో ఇంటిల్లిపాది బట్టలూ రాగి దేగ్చీలూ. దాన్ని పలకల మీద నిలబెట్టాం. తేలాల్సిన ఫర్ష్‌కి మేకు కొట్టినట్టయింది, ఆ పక్క గాడులన్నీ విడిపోయాయి. అమ్మీ గదిలో బీరువా కింద టైలు అలాగే ఉంచి పలకల్ని దాని చుట్టూ కోశాం.

ఆపాలకి ముఖ్యంగా ఒక సంగతి. దీన్ని బకెట్లతో నీళ్లు పోసి కడగకూడదు. బక్రీద్ రోజు గచ్చు కడిగినట్టు కడిగితే అతుకుల్లోంచి నీళ్లు కిందకి పోతాయి, మళ్లీ బయటికి రావు. తడిబట్ట పిండి తుడవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఆలోచించాల్సిన విషయం. బిడ్డ పక్క తడిపితే పైన పాక్ చేయొచ్చు, అతుకుల్లోకి దిగినదాన్ని ఏం చేస్తారు? నన్నడిగితే పాలుతాగే పిల్లలున్న గదికి, కుర్బానీ మాంసం పంచే హాలుకి ఇది తగదు. గచ్చో నాపరాయో నయం. ప్లాస్టిక్ మీద సజ్దా చెల్లుతుందా అని మా వీధిలో ఒక పెద్దాయన చాలా సీరియస్‌గా అడిగాడు. మసాయిల్ నేను చెప్పేవాణ్ణి కాదు, ఆలిమ్‌ని అడగండి అన్నాను. అయితే మస్జిద్‌లో మనం నిలబడే కార్పెట్ దేనితో చేశారో కూడా ఒకసారి చూడండి అన్నాను. నవ్వాడు.

"చెమ్మ ఉన్నా కింద పాలిథిన్ పట్టా పరిచి వేసేయొచ్చట కదా" అని ఇంకొందరు అంటారు. నేల కాస్త చెమరిస్తే ఆ పట్టా ఆపుతుంది, నిజమే. కానీ వీధి నీళ్లు పునాదికి ఆనుకుని నిలబడే ఇంట్లో నేల దారి మూస్తే చెమ్మ గోడ దారి పడుతుంది. మోకాలెత్తు ఉన్న మచ్చ నడుమెత్తుకి ఎక్కుతుంది. ముందు నీళ్లెక్కడివో కనుక్కోవాలి. గొట్టం విరిగితే బాగుచేయొచ్చు. రోడ్డు ఎత్తయితే? దానికి నా దగ్గర మందు లేదు. పాత పొర చెక్కకుండా కొత్త రోడ్డు వేస్తుంటే వీధి అంతా కలిసి నిలబడి అడగాలి. ఒక్కో ఇల్లూ ఒక్కో ఫర్ష్ వేసుకుని ఎత్తు పెంచుకుంటూ పోతే ఆ నీళ్లు పక్కింటి బేవా ఖాలా ఇంట్లోకే పోతాయి.

మొన్న అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు రెండు రాత్రులు కరెంటు లేదు, వాన. తెల్లారి అమ్మీ గదిలో గుమ్మం దగ్గర ఒక పలక ఎత్తి చూశాం. పొడిగా ఉంది, సిమెంటు వాసన తప్ప ఏ వాసనా లేదు. అమ్మీ మాత్రం "రోజూ ఎత్తి చూస్తే గాడి పాడవదా?" అని కోప్పడింది.

హాల్లో పలకలన్నీ తీసేశాం, అబ్బా ఎర్ర గచ్చు మళ్లీ బయటపడింది. బ్లీచింగుతో కడిగి, పగుళ్లు పూడ్చాం, మూడు చోట్ల మచ్చలు పోలేదు. మంగ్నీ అయిన పిల్లకి నికాహ్ ఇప్పుడు రజబ్‌లో అనుకుంటున్నారు. తమ్ముడు మళ్లీ మొదలుపెట్టాడు, "భాయిజాన్, హాలు ఇలాగే ఉంచుదామా?" అని. నిన్న ఇషా తర్వాత ఇద్దరం కలిసి గచ్చు మీద రెండు పాలిథిన్ ముక్కలు అంటించాం, ఒకటి మధ్యలో, ఒకటి వీధి గోడ పక్కన. జుమా రోజు పొద్దున విప్పుతాం. చుక్కలుంటే ఈసారి మెహమాన్లకి చాపలే వేస్తాం, పైన పెడన దుప్పట్లు.